ఎడంకాలు నీది, కుడికాలు నాది

రెబెక్కా గది తలుపు తియ్యగానే చలి ముఖానికి కొట్టింది. బయట రాజమహేంద్రవరమంతా ఏప్రిల్ ఎండకి మాడిపోతోంది. దానవాయిపేటలోని ఆ మూడో అంతస్తు ఫ్లాటులో మాత్రం ఏసీ మీద పద్దెనిమిది అంకె వెలుగుతోంది. కిటికీలు మూసి, సందుల్లో పాతగుడ్డలు కూడా కుక్కి ఉన్నాయి. మంచం మీద ఒక పెద్దావిడ వీపు వెనక దిళ్ళు పెట్టుకుని కూర్చుని, దువ్వెనతో కుడి పిక్క గోక్కుంటోంది.

"అమ్మా, ఈవిడ రెబెక్కా. ఇవాళ్టి నుంచి నిన్ను చూసుకుంటుంది," అంది వెంకటదుర్గ. ఆమె కాలేజీలో లెక్చరర్. భుజానికి సంచీ తగిలించుకుని అప్పటికే సగం బయల్దేరిపోయినట్టుంది. రెబెక్కా వైపు తిరిగి గబగబా చెప్పింది. "జనవరిలో తుంటి ఆపరేషన్ అయ్యిందండి. వాకర్ పట్టుకుని బానే నడుస్తోంది. స్నానం చేయించడం, మందులివ్వడం, నేనొచ్చేదాకా తోడుండడం. అంతే. కాకపోతే ఈ దురదొకటి. డాక్టరు గారు బిళ్ళలిచ్చారు. అవి వేసుకుంటే మత్తుగా పడుంటుంది, లేస్తే మళ్ళీ గోకుడే. మూడు నెలల్నుంచి ఇదే వరస."

ఆమె వెళ్ళిపోయాక పెద్దావిడ దువ్వెన పక్కన పెట్టి రెబెక్కాని తేరిపార చూసింది. ఆవిడ పేరు రత్నమాణిక్యం. డెబ్భై ఆరేళ్ళు.

"ఏ ఊరు మీది?"

"ధవళేశ్వరం అండి."

"ఇదివరకు ఎక్కడ చేశావు?"

"కువైట్‌లో ఎనిమిదేళ్ళు చేశానండి. ఒక పెద్దావిణ్ణి చూసుకునేదాన్ని. వచ్చేసి రెండేళ్ళయింది."

రత్నమాణిక్యం గోడవైపు చూస్తూ అంది. "నన్ను ముట్టుకునేటప్పుడు చేతులకి తొడుగులేసుకో. ఆసుపత్రిలో నర్సులు వేసుకుంటారు కదా, అలాగ."

"ఆయ్, అలాగేనండి."

ఆ మాట ఆసుపత్రి శుభ్రం గురించి కాదని రెబెక్కాకి తెలుసు. పేరు విన్నాక కొన్ని ఇళ్ళల్లో గ్లాసు వేరవుతుంది, కొన్ని ఇళ్ళల్లో కుర్చీ వేరవుతుంది. ఇక్కడ తొడుగులు. ఏ ఇంట్లో దేనికి పట్టుబట్టాలో, దేన్ని చూసీ చూడనట్టు వదిలేయాలో ఆమె ఎప్పుడో తేల్చుకుంది. సంచీలోంచి తొడుగుల డబ్బా తీసి, ఒక జత వేసుకుంది.

స్నానం దగ్గరే ఆమెకి దురద సంగతి సగం అర్థమైపోయింది. రత్నమాణిక్యం గీజర్ నీళ్ళు పొగలు కక్కితే గాని ఒప్పుకోలేదు. చన్నీళ్ళు కలపబోతే చెంబు లాక్కుంది. డబ్బాలో సున్నిపిండి ఉంది. దాంతో కాళ్ళూ చేతులూ తోమించుకుంది, పనిమనిషి గిన్నె తోమినట్టు. "ఇంకా గట్టిగా. చేతుల్లో బలం లేదేంటే నీకు?" అని కసిరింది. తర్వాత తువ్వాలుతో ఒళ్ళు ఎర్రబడేలా తుడిపించుకుని, పౌడరు జల్లించుకుని, మళ్ళీ ఆ చలిగదిలోకి వచ్చి మంచమెక్కింది. అరగంట తిరక్కుండా దువ్వెన అందుకుంది.

మోకాళ్ళ కింద చర్మం చేపపొలుసులా చిట్లి ఉంది. ముందురోజు కట్టుకున్న ముదురు నీలం చీరని రెబెక్కా దులిపితే, పిండి రాలినట్టు తెల్లటి పొట్టు రాలింది.

ఆ పొట్టుని ఆమె ఇదివరకు చూసింది. తన చేతుల మీదే చూసింది.

కువైట్ వెళ్ళిన మొదటి చలికాలం అది. గోదావరి గాలిలో పుట్టి పెరిగిన ఒళ్ళు. ముఖానికి తడిలేని గాలి ఎలా ఉంటుందో అప్పటిదాకా తెలీదు. అక్కడ బయట ఎడారి గాలి, లోపల పన్నెండు నెలలూ ఏసీ. రోజుకి నాలుగుసార్లు బ్లీచింగ్ నీళ్ళతో నేల తుడవాలి. నెల తిరిగేసరికి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం విడిపోయింది. రొట్టె పిండి ముట్టుకుంటే మంట, నీళ్ళు ముట్టుకుంటే మంట. ఇంటి యజమానురాలు ఆ చేతులు చూసి ఏదో అంటురోగం అనుకుంది. వంటగదిలోకి రావద్దంది. పరీక్ష చేయించి వెనక్కి పంపేస్తానని ఏజెంటుకి ఫోన్ కూడా చేసింది.

ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉండేది. అందరూ మామా కబీరా అనేవారు, పెద్దమ్మ అన్నమాట. ఆవిడ రెబెక్కాని స్నానాల గది గడప మీద కూర్చోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళల్లో చేతులు నానబెట్టించింది. బయటికి తీశాక తుడవనివ్వలేదు. పైపైన అద్దించి, ఇంకా తడి ఉండగానే పెట్రోలియం జెల్లీ మందంగా పూసి, పాత మేజోళ్ళు చేతులకి తొడిగింది. ఆవిడ భాష అప్పటికి రెబెక్కాకి పది ముక్కలు కూడా రాదు. చేత్తో తలుపు మూసినట్టు సైగ చేసి చూపించింది. నీళ్ళు లోపలికి వెళ్ళాయి, ఇక తలుపు వెయ్యాలి, ఆలస్యం చేస్తే నీళ్ళు పారిపోతాయి. అదీ ఆ సైగకి అర్థం. మూడు వారాల్లో చేతులు మామూలయ్యాయి. ఆ తర్వాత ఆవిడ మంచం పట్టిన ఆరేళ్ళూ రెబెక్కాయే ఆవిడ ఒళ్ళంతా అలాగే కాపాడింది. మంచంలోనే ఉన్నా ఒక్క పుండు పడనివ్వలేదు. ఆవిడ పోయాకే ధవళేశ్వరం తిరిగొచ్చింది.

ఇప్పుడు గోదావరి ఒడ్డున, ఇంత తేమ గాలి మధ్య, ఒక గదిలో మళ్ళీ అదే ఎడారి.

మూడో రోజు ఉదయం రెబెక్కా మెల్లగా కదిపింది. "అమ్మగారండి, ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మీకు రోగమేమీ లేదు. ఒళ్ళు ఎండిపోయింది, అంతే. వేడినీళ్ళూ, పిండీ కలిసి ఉన్న కాస్త జిడ్డూ లాగేస్తున్నాయి. మిగిలింది ఈ ఏసీ లాగేస్తోంది."

"నాకు పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే స్నానం. అప్పుడు లేని దురద ఇప్పుడెందుకొచ్చింది?"

"అప్పుడు మీ వయసు వేరండి. పైగా మీ ఊరు ఆలమూరులో, మీ ఇంట్లో ఏసీ ఉందా?"

రత్నమాణిక్యం దువ్వెన అందుకోబోయింది. అది రెబెక్కా చేతిలో ఉంది.

"పోనీ ఇవాళ ఒక్కసారి ఈ క్రీము రాయనివ్వండి. నచ్చకపోతే కడిగేసుకోండి."

"రాసి చావు," అంది ఆవిడ.

రబ్బరు తొడుగులతో రాస్తే పొలుసులు పట్టుకుని లాగుతున్నాయి. క్రీము చర్మంలోకి పోకుండా తొడుగుకే అంటుకుంటోంది. రెండుసార్లు ఆవిడ "అబ్బా" అంది. మూడోసారి కాలు వెనక్కి లాక్కుని అరిచింది.

"ఏంటే అది, జల్లెడతో తోమినట్టుంది!"

"తొడుగులోంచి తెలీడం లేదండి. ఎక్కడ గరుగ్గా ఉందో, ఎక్కడ చిట్లిందో చేతికి తెలియాలి."

ఆవిడ కిటికీ వైపు చూసింది, కిటికీ మూసే ఉంది. "సరేలే, తీసెయ్," అంది చివరికి. "రాయకుండా ఉండేకంటే నయం."

రెబెక్కా తొడుగులు తీసి చెత్తబుట్టలో వేసింది. దాని గురించి ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు.

కానీ వేడినీళ్ళ దగ్గర మాత్రం రత్నమాణిక్యం ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. పొగలు రాని స్నానం స్నానమే కాదంది. పిండి పెట్టి తోమకపోతే ఒళ్ళు బంకగా ఉంటుందంది. క్రీము పొద్దున్న రాయడం, మర్నాడు పొద్దున్న సలసల కాగే నీళ్ళతో తోమి తీసెయ్యడం. వారం గడిచింది. దురద ఉన్నచోటే ఉంది.

"చూశావా, నీ క్రీము పనిచెయ్యలేదు," అంది ఆవిడ, గెలిచినట్టు.

"పనిచెయ్యనిస్తే కదండి."

రత్నమాణిక్యం నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వడం రెబెక్కా చూడటం అదే మొదలు. "ఇదిగో, నా సంగతి నీకు తెలీదు. మా ఆయన పోయేటప్పటికి నాకు ముప్పై అయిదు. పదకొండెకరాలు ఒక్కదాన్నీ చేయించాను. గట్టు మీద నుంచుని కాలవ నీళ్ళు మళ్ళించుకున్నాను. వ్యవసాయ శాఖ వాళ్ళు ఏటా ఏదో కొత్త విత్తనం పట్టుకొచ్చి, ఇది వేస్తే అంత పండుతుంది, ఇంత పండుతుంది అని చెప్పేవారు. నేను నమ్మనూ లేదు, పొమ్మననూ లేదు. ఒక మడిలో వాళ్ళది వేసేదాన్ని, పక్క మడిలో నాది వేసేదాన్ని. కోతలప్పుడు కళ్ళతో చూసుకునేదాన్ని."

"అయితే ఏమంటారండి?"

ఆవిడ రెండు కాళ్ళూ ముందుకు చాపింది. "ఎడంకాలు నీది. కుడికాలు నాది. పదిహేను రోజులు. నీ కాలిని నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో, నేను నోరెత్తను. నా కాలి జోలికి నువ్వు రాకు."

రెబెక్కాకి కూడా నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ పరాయి ఇళ్ళల్లో ఎవరూ ఆమెని ఇలా సమానంగా కూర్చోబెట్టి పందెం కట్టలేదు. "సరేనండి," అంది. క్యాలెండర్లో తేదీ చుట్టూ గీత గీసింది.

మర్నాటి నుంచి స్నానం రెండు రకాలైంది. కుడికాలికి పొగలు కక్కే నీళ్ళు, సున్నిపిండి. ఎడంకాలికి గోరువెచ్చటి నీళ్ళు, రెండు చెంబులు, అంతే. ఎడంకాలిని మెత్తటి నూలుగుడ్డతో అద్ది, స్నానాల గదిలోనే, ఇంకా చెమ్మ ఉండగానే క్రీము, దానిమీద జెల్లీ పలచగా. మళ్ళీ మధ్యాహ్నం ఒకసారి, తను ఇంటికి బయల్దేరే ముందు ఒకసారి. మడమ పగుళ్ళకి జెల్లీ పట్టించి నూలు మేజోడు తొడిగింది. ఒక కాలికే మేజోడు వేసుకుని వాకర్ పట్టుకుని నడుస్తున్న తల్లిని చూసి, "ఇదేం వేషం?" అంది వెంకటదుర్గ ఒక సాయంత్రం. "మా ఇద్దరి వ్యవహారం, నీకెందుకు?" అంది తల్లి. కూతురు పరీక్ష పేపర్ల కట్ట పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

అయిదో రోజుకి ఎడంకాలి మీద పొట్టు రాలడం ఆగింది. ఎనిమిదో రోజుకి పొలుసుల గీతలు కలిసిపోయి, పిక్క నున్నగా తేలింది. రత్నమాణిక్యం ఆ కాలిని చేత్తో తడిమి చూసుకుని చీర కప్పేసింది. గోకుడంతా కుడికాలి మీదే ఇప్పుడు. దువ్వెన రెబెక్కా దాచేసింది గనక గోళ్ళతోనే.

పదో రోజు పొద్దున్న స్నానం చేయిస్తుంటే, కుడికాలి ముందువైపు ఎముక మీద రూపాయంత చోట చర్మం లేచిపోయి ఎర్రగా కనిపించింది. అంచుల్లో కాస్త రసి.

"అమ్మగారండి, ఇది గోటిపుండు. దీనికి మందు రాస్తాను."

"నా కాలి జోలికి రానన్నావు."

"పుండండి ఇది."

"పొలంలో తిరిగినప్పుడు ఇలాంటివి లక్ష చూశాను. అదే మానుతుంది. అయిదు రోజులుంది ఇంకా. ఓడిపోతానని భయమా నీకు?"

ఆ క్షణంలో రెబెక్కా గట్టిగా అనాల్సింది. పందెం లేదు, గిందెం లేదు అనాల్సింది. దుర్గ గారికి ఫోన్ చెయ్యాల్సింది. అనలేదు. చెయ్యలేదు. ఎడంకాలు అంత బాగా తేలాక ఆమె మనసులో చిన్న సంతోషం మొదలైంది. కుడికాలి మీద పడే ప్రతి కొత్త గీతా తన మాటకి సాక్ష్యంలాగా అనిపించసాగింది. అయిదు రోజులే కదా, అప్పుడు ఆవిడే తన నోటితో ఒప్పుకుంటుంది అనుకుంది. ఇన్నేళ్ళూ ఒళ్ళు పట్టడం, ఎంగిలి తియ్యడం తప్ప ఆమెకి ఏదైనా తెలుసని ఎవరూ ఒప్పుకోలేదు.

పదమూడో రోజు ఆమె వచ్చేసరికి వెంకటదుర్గ కాలేజీకి వెళ్ళిపోయింది, రత్నమాణిక్యం వణుకుతూ ముసుగుతన్ని పడుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. కుడికాలు మోకాలి దాకా ఎర్రగా వాచిపోయి, చెయ్యి వేస్తే వేడిగా తగిలింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి అక్కణ్ణుంచే వెంకటదుర్గకి ఫోన్ చేసింది.

డాక్టరు పరీక్షగా చూసి చెప్పాడు. "చర్మం బాగా ఎండి చిట్లిందమ్మా. గోకిన పుండులోంచి ఇన్ఫెక్షన్ లోపలికి దిగింది. ఈ వయసులో ఇలాంటిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వారం రోజులైనా ఇంజెక్షన్లు పడాలి." తర్వాత దుప్పటి ఇంకాస్త జరిపి రెండో కాలు చూశాడు. "ఈ కాలు ఇంత బావుందేంటి?"

ఆ ప్రశ్నతో మొత్తం బయటపడింది. వెంకటదుర్గ వరండాలోకి తీసుకొచ్చి అడిగింది. రెబెక్కా దాచకుండా చెప్పింది.

"పందేలా? మా అమ్మ కాలితోనా?" అంది వెంకటదుర్గ. "ఆవిడంటే పెద్దావిడ, మొండిమనిషి. నీ బుద్ధేమైంది? నువ్వు డాక్టరువా, నర్సువా, ప్రయోగాలు చెయ్యడానికి? ఒక కాలికి మందు రాసి ఇంకో కాలు అలా వదిలేస్తారా ఎవరైనా?"

రెబెక్కా దగ్గర చెప్పడానికి చాలా ఉంది. క్రీము తనే తెచ్చానని చెప్పచ్చు. పందెం ఎవరు పెట్టారో చెప్పచ్చు. మూడు నెలలుగా ఆ కాళ్ళని మీరెప్పుడైనా చూశారా అని అడగచ్చు. కానీ పదో రోజు రూపాయంత ఎరుపు కళ్ళముందు మెదిలింది.

"రేపట్నుంచి రావద్దు," అంది వెంకటదుర్గ.

ధవళేశ్వరంలో రెబెక్కా ఇల్లు కాలవ పక్క సందులో. కూతురు దీవెన డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. తల్లి పగటిపూట ఇంట్లో ఉండటం చూసి ఏం జరిగిందని అడిగింది. విన్నాక ఆ పిల్లకి ఒళ్ళు మండిపోయింది.

"పందెం పెట్టింది ఆవిడ. రాయొద్దన్నది ఆవిడ. నిన్నెలా అంటారమ్మా? నువ్వెందుకు ఊరుకున్నావు?"

"ఆ పుండు నేను చూశానే," అంది రెబెక్కా. "ఆవిడకి తెలీదు. నాకు తెలుసు. తెలిసీ మూడు రోజులు ఊరుకున్నాను. కువైట్లో ఆ ముసలావిడ నా చేతులు చూసి, ఇంకా నాలుగు రోజులు పగలనిద్దాం, అప్పుడు నా మాట వింటుంది అనుకుందా?"

దీవెన వచ్చి తల్లి పక్కన కూర్చుని భుజమ్మీద తల ఆనించింది.

నాలుగు రోజులు గడిచాయి. ఆదివారం లూథరన్ చర్చిలో ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు ఒక్కొక్కరూ తమ మనవులు చెప్పుకుంటుంటే, రెబెక్కా లేచి ఆ పెద్దావిడ పేరు చెప్పింది. ఎవరావిడ అని ఎవరూ అడగలేదు.

అయిదో రోజు వెంకటదుర్గ ఫోన్ చేసింది. మునుపటి కోపం లేదు. అలిసిపోయినట్టుంది.

"జ్వరం తగ్గిందండి. కానీ అక్కడి ఆయాని కాలు ముట్టుకోనివ్వడం లేదు. తోముతోందిట, అద్దడం రాదుట. రెబెక్కాని పిలు అని ఒకటే గోల. ఒక్కసారి రాగలరా?"

ఇంతకుముందు నువ్వు అన్న మనిషి మళ్ళీ మీరు అంటోందని రెబెక్కా గమనించింది. కోటిపల్లి బస్టాండులో దిగి ఆసుపత్రికి నడిచి వెళ్ళింది.

రత్నమాణిక్యం సగానికి సగమైపోయింది. చేతికి సెలైన్ సూది, కుడికాలికి కట్టు. రెబెక్కాని చూసి, మంచం పక్కనున్న స్టూలు చూపించింది. కిటికీ దగ్గర వెంకటదుర్గ నిలబడి ఉంది.

"దుర్గా, నువ్వు కూడా విను," అంది ముసలావిడ. "పందెం పెట్టింది నేను. పుండుకి మందు రాస్తానంటే వద్దన్నది నేను. అంతకంటే పెద్దది ఇంకోటుంది." ఆగి ఊపిరి తీసుకుంది. "ఎడంకాలు బాగుపడుతోందని తెలిశాక, ఈవిడ సాయంత్రం వెళ్ళిపోగానే నా కాలికి దొంగతనంగా కొబ్బరినూనె రాసుకున్నాను. వారం రోజులు రాసుకున్నాను. గెలవాలని. అయినా ఓడిపోయాను."

రెబెక్కాకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "పొడి కాలికి రాశారు కదండీ. నీళ్ళు లేని మడికి గట్టు వేసినట్టు."

"ఆ ముక్క ముందే చెప్పుండాల్సింది."

"చెప్పాల్సినవి చాలా ఉన్నాయండి." రెబెక్కా వెంకటదుర్గ వైపు తిరిగింది. "మేడం, మీరన్నది నిజమే. పదో రోజున నేను పుండు చూశాను. అది ముదురుతుందని నాకు తెలుసు. ఆవిడ వద్దన్నా మీకు ఒక్క ఫోన్ చెయ్యాల్సింది. నా మాట నెగ్గాలని ఊరుకున్నాను. అది నా తప్పు. ఆవిడది కాదు."

బయట మందుల ట్రాలీ వెళ్తున్న చప్పుడు. రత్నమాణిక్యం కళ్ళు మూసుకుని అంది. "నా పొలంలో పక్క మడి ఎండిపోతుంటే, అది గవర్నమెంటు విత్తనమే కదా అని నీళ్ళు ఆపానా ఎప్పుడైనా? ఆపలేదు. మరి నా కాలికే ఎందుకాపానో."

వెంకటదుర్గ వచ్చి మంచం చివర కూర్చుంది. తల్లి ఎడంకాలి మీద చెయ్యి వేసింది. మెత్తగా, చల్లగా, నిండుగా ఉన్న ఆ చర్మం మీద ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. "జనవరి నుంచి నా ఇంట్లోనే ఉన్నావు," అంది. "ఏసీ పెట్టించాను, డాక్టరుకి చూపించాను, మనిషిని పెట్టాను. ఒక్కసారి కూడా నీ కాళ్ళు చూడలేదమ్మా నేను." ఆమె రెబెక్కాకి క్షమాపణ చెప్పలేదు. తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు. లేచి వెళ్ళి, గోరువెచ్చటి నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుని, తనే బేసిన్‌తో పట్టుకొచ్చింది. "ఎలా అద్దాలో చూపించండి," అంది.

ఇంటికొచ్చాక రెబెక్కా మళ్ళీ పనిలోకొచ్చింది, గది మారింది. సందుల్లోంచి గుడ్డలు తీసేశారు. ఏసీ ఇరవై ఏడు దగ్గర పెట్టి, పొద్దున్నా సాయంత్రం ఆపేసి కిటికీలు తీసేవారు. సున్నిపిండి డబ్బా అటకెక్కింది. వేడినీళ్ళ విషయంలో ముసలావిడ చివరిదాకా బేరమాడింది. "రెండు చెంబులు వేడిగా పొయ్యి, వీపు మీద. వీపుకి దురద లేదుగా." రెబెక్కా ఒక్క చెంబుకి ఒప్పుకుంది. రెండు కాళ్ళకీ ఒకటే క్రీము, ఒకటే జెల్లీ, రెండింటికీ మేజోళ్ళు. కుడికాలి పుండు మానడానికి నెలపైనే పట్టింది. మానినచోట నల్లటి మచ్చ మిగిలింది. చర్మం ఎడంకాలంత నున్నగా మాత్రం ఎప్పటికీ రాలేదు. ఆ మచ్చ మీద చెయ్యి వెళ్ళినప్పుడల్లా రెబెక్కా ఇంకాస్త మెల్లగా రాసేది.

జూన్ చివర్లో వానలు దిగాయి. గోదావరి మీంచి తడిగాలి కొట్టడం మొదలయ్యాక మధ్యాహ్నం పూత అక్కర్లేకపోయింది. ఒకరోజు రత్నమాణిక్యం వాకర్ లేకుండా, చేతికర్ర ఒక్కటీ పట్టుకుని బాల్కనీ దాకా నడిచి, "నేను ఆలమూరు వెళ్ళిపోతాను," అని ప్రకటించింది. నాట్లు మొదలవుతాయి, చూడాలి. అక్కడ వంట చేసే పాపాయి ఉంది, ఇరుగూ పొరుగూ ఉన్నారు. వెంకటదుర్గ రెండు రోజులు వాదించి ఊరుకుంది. ఆదివారాలు తను వచ్చి చూస్తానంది. కాళ్ళు కూడా చూస్తానంది.

వెళ్ళే ముందురోజు పాపాయిని రాజమహేంద్రవరం పిలిపించారు. నలభై ఏళ్ళుంటాయి, గట్టిమనిషి. రెబెక్కా ఆమెని స్నానాల గది గడప దగ్గర కూర్చోబెట్టి అంతా చేసి చూపించింది. నీళ్ళు మోచేతి మీద పోసుకుని వేడి చూడటం, రుద్దకుండా అద్దడం, చెమ్మ ఆరకముందే పూయడం, గోళ్ళు వారానికోసారి కత్తిరించడం, ఎక్కడ చిన్న ఎరుపు కనిపించినా ఆరోజే ఫోన్ చెయ్యడం.

"ఆవిడ వద్దంటేనో?" అంది పాపాయి, యజమానురాలి సంగతి బాగా తెలిసిన మనిషి గనక.

"వద్దంటే ముందు ఫోన్ చెయ్యి, తర్వాత తిట్లు తిను," అంది రెబెక్కా.

లోపల మంచం మీద నుంచి రత్నమాణిక్యం గొంతు వినిపించింది. "వింటూనే ఉన్నాను. నా ఫోన్లోంచి మాత్రం చెయ్యకండి, ఛార్జింగ్ ఉండదు."

మర్నాడు కారు కదిలేటప్పుడు వాన తుంపర పడుతోంది. రత్నమాణిక్యం అద్దం దించి చెయ్యి బయటికి చాపింది. రెబెక్కా ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అలవాటు కొద్దీ ముందు వేళ్ళ కణుపులు తడిమి చూసింది. ఎక్కడా గరుకు లేదు. "బానే ఉందండి," అంది.

"ఉండకేం," అంది ముసలావిడ. "పోనివ్వరా అబ్బీ," అని డ్రైవరుకి చెప్పింది.

కారు మలుపు తిరిగాక రెబెక్కా సంచీ భుజానికి తగిలించుకుని బస్టాండు వైపు నడిచింది. సోమవారం నుంచి ఇంకో ఇంట్లో పని కుదిరింది. అక్కడా మంచంలోనే ఉన్న ఒకావిడ, అక్కడా రోజంతా ఏసీ అని ఫోన్లో చెప్పారు. మందుల షాపు దగ్గర ఆగి జెల్లీ డబ్బాలు రెండు కొనుక్కుని, గొడుగు తెరిచి, వానలోకి దిగింది.